కదలని పొట్టి గుర్రం

అన్నయ్యకు,

ఈ ఆదివారం చిట్టిని గుర్రం ఎక్కించడానికి తీసుకురావద్దు. పిల్లకు ఆశపెట్టి ఇప్పుడు కాదంటున్నానని తిట్టుకోకు, సంగతి విను.

నువ్వు దాని కోసం కొని నా దగ్గర వదిలిన పొట్టి గుర్రం, మొదట్లో రికాబులో కాలు పెట్టగానే పక్కకు జరిగిపోయేది. "పిల్ల పడిపోతుందే, ఇది బొమ్మలా నిలబడాలి" అన్నావు. మూడు నెలలు తంటాలు పడి నేర్పాను. 'ఆగు' అంటే ఆగుతుంది. మళ్లీ నేను 'పద' అనేదాకా ఈగ వాలినా కదలదు. ఎంత మురిసిపోయానో!

ఈ ఉదయం దాన్ని ఎక్కే మెట్టు పక్కన ఆపి, జీను తేవడానికి కొట్టంలోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గడ్డి లారీ వెనక్కి వస్తోంది, నేరుగా దాని మీదికే. కట్టేసి కూడా లేదన్నయ్యా! నాలుగడుగులు వేస్తే చాలు. అది లారీని చూసింది, నన్ను చూసింది, ఒళ్లంతా వణికింది, కానీ కాలు కదపలేదు. 'పద' అనాలి. నాకు నోరు పెగల్లేదు.

కొట్టం ఊడ్చే పిన్ని పరిగెత్తుకొచ్చి, చీపురు తిరగేసి లారీని బాదుతూ "ఆపు నాయనా, ఆపు!" అని అరిచింది. లారీ జానెడు దూరంలో ఆగింది.

ఎంతసేపటికో 'పద' అనగలిగాను. అది నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి, బుద్ధిగా నిలబడినందుకు రోజూ ఇచ్చే క్యారెట్ ముక్క కోసం నా అరచేతిలో వెతికింది. ఇవ్వాలో వద్దో తెలియలేదు.

భయమేసినప్పుడు నా మాట కాదని పారిపోవడం దీనికి నేర్పాలి. ఎలా నేర్పుతారో నాకు తెలియదు.

నీ చెల్లెలు