రైల్లో వచ్చిన యాపిలు పళ్ళు

ఏమే, నువ్వు చదవవని తెలుసు. అయినా రేపటికి నువ్వు పోయి ఏడాది, ఇంకెవరితో చెప్పుకోను?

మన పళ్ళ కొట్టుకి కలకత్తా నుంచి రైల్లో యాపిలు పళ్ళ బుట్ట వచ్చింది. దెబ్బ తగిలినవి దొరగారి బట్లరు వద్దన్నాడు. "పారెయ్యకండి శెట్టిగారూ, ఉడకబెట్టి మెదపండి. మా దొరలు మాంసంలోకి నంజుకుంటారు" అన్నాడు.

"మాంసంలోకి పండేంటి నాన్నా!" అని మన సీతాలు ముక్కు మూసుకుంది.

తొక్క తీసి, ముక్కలు కోసి, కాసిని నీళ్ళు పోసి ఉడకబెట్టాం. పప్పుగుత్తితో మెదిపి బెల్లం వేశాం. ఎప్పుడు దించాలో మా ఇద్దరికీ తెలీలేదు. నువ్వుంటే, మామిడి రసం కాచినప్పటిలాగే, ఆ కుతకుత విని "ఇంక దించండి" అనేదానివి. కాస్త అడుగంటింది. అయినా భలే కుదిరిందే, తియ్యతియ్యగా, పుల్లపుల్లగా, అచ్చం నీకు నచ్చేలా.

తినడం అయ్యాక సీతాలు నా విస్తరి తియ్యబోయి ఆగింది.

"సగం వదిలేశారేంటి నాన్నా, బాగోలేదా?"

అప్పుడు చూసుకున్నాను. నా తర్వాత నువ్వు అదే ఆకులో తినేదానివి కదా, అలవాటు కొద్దీ నీ వాటా ఉంచేశాను.

"బాగుందమ్మా. ఆకు కాసేపు ఉండనీ" అన్నాను.