ఒక్కపొద్దు నాడు మింగిన మాత్ర

శనివారం రాత్రి

కొవ్వు కరిగించే మాత్రలు దండగని కంకిపాడు జిమ్‌లో కరపత్రాలు పంచి, ట్రైనర్‌తో గొడవపడి ఇంటికొచ్చాను. తీరా చూస్తే మా చెల్లి సుధ అవే మింగుతోంది! అదీ శనివారం ఒక్కపొద్దు ఉండి, ఖాళీ కడుపున.

"పనిచేస్తున్నాయన్నయ్యా, చూడు, డ్రెస్సు వదులైంది."

"అది నీ పస్తుల వల్లే, పిచ్చిమొహమా!" అని అరిచి చెయ్యి పట్టుకున్నాను. నాడి పరుగెడుతోంది, వేళ్ళు వణుకుతున్నాయి. నా కోపం అక్కడే చల్లారిపోయింది.

ఆసుపత్రికి పదమంటే, "అమ్మకి తెలిస్తే చంపేస్తుంది. పడుకుంటే తగ్గుతుందిలే" అని ముసుగు తన్నింది.

గుండెదడ వస్తుందని కరపత్రంలో రాసింది నేనే. ఎంతసేపుంటే ప్రమాదమో మాత్రం రాయలేదు, నాకు తెలియదు కాబట్టి. ఇందాక మళ్ళీ చూశాను. దడ తగ్గలేదు.

సుధ జన్మలో మాట్లాడకపోయినా సరే, అమ్మని లేపుతున్నాను.