అరచేతిలో మాత్ర

ములకలపల్లి మండలం,
వానాకాలం, 2007.

చిరంజీవి శ్యామలకు నాయన దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, మేకలు, నా మాట వినని కోడిపుంజు. ఖమ్మంలో నీ నర్సు చదువు, హాస్టలు సాంబారు ఎట్లున్నాయో రాయి.

"పరిశోధన వాళ్లు నీతో ఏం పని చేయిస్తున్నారు?" అని అడిగావు. జ్వరమొచ్చినవాళ్ల వేలు పొడిచి, రక్తం చుక్క పట్టీ మీద వేస్తాను. రెండు గీతలొస్తే మలేరియా, మాత్రలిస్తాను. ఒకటే వస్తే వేరే జ్వరం, దవాఖానాకు పంపుతాను. ఈ పరిశోధన నడిపే సుజన డాక్టరమ్మ ఊళ్ల పేర్లతో చీటీలు తీసింది. మనకు వేలి పరీక్ష వచ్చింది, వాగవతలి ఊరికి పాత పద్ధతి. పరీక్ష చేసి మందిస్తే మేలా, చెయ్యి పట్టి చూసి ఇస్తే మేలా అని రెండు ఊళ్లనూ పోల్చి చూస్తారట.

పాత పద్ధతి అంటే ఎవరో నీకు తెలుసు. జయప్రకాశ్, డిగ్రీ లేని డాక్టరు. నిరుడు మీ అమ్మ వణుకుతుంటే, "వైరల్ జ్వరమే, రెండు బాటిళ్లు ఎక్కిస్తే అదే పోద్ది" అని గ్లూకోజు పెట్టినవాడు. జ్వరం పోలేదు. అమ్మ పోయింది. మలేరియా మెదడుకెక్కిందని పెద్ద దవాఖానాలో చెప్పారు.

అతని మీద ఇంకా కోపముందా అని రాశావు. కోపమెందుకు బిడ్డా? బండి టైర్లలో గాలి తీశానంతే. అతనింట్లోకి తేనెటీగల్ని వదలాలనుకున్నాను గానీ, పాపం వాటికీ సూది వేస్తాడని ఆగాను.

మొన్న సంతనాడు అతనే వచ్చాడు. భార్య ప్రమీలారాణి ఆటోలో తెచ్చింది. దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు, చేతికి దూది. తనకూ బాటిలే ఎక్కించుకున్నాడు. మన అరుగు నిండా జనం.

"దూలయ్యా, నా వేలు చూడవయ్యా."

"మీది పాత పద్ధతి చీటీ సారూ, నేను ముట్టొద్దు. వైరల్ కావచ్చు, రెండు బాటిళ్లు ఎక్కిస్తే గదే పోతది."

ప్రమీలారాణి ఏడ్చింది. "ఆమె మొకం జూసన్న పొడువురా," అంది ముసలి జంపక్క.

పొడిచాను. వేలి పక్కన పొడిస్తే నొప్పుండదని మాకు నేర్పారు. నడిమధ్యన పొడిచాను. రెండు గీతలొచ్చాయి.

మాత్రలు అరచేతిలో పోసుకుని పిడికిలి మూశాను. "నిరుడు మా కన్నమ్మకు ఏమొచ్చింది సారూ?"

నేల చూశాడు. "మలేరియా."

"గట్టిగ చెప్పు. అరుగు చివరోళ్లకు వినపడలే."

"మలేరియా! పరీక్ష చేయించలేదు. తప్పు నాదే!"

మళ్లీ చెప్పించాను. ఇంకోసారి చెప్పించేవాణ్ణే, నా చెమటకు మాత్రలు కరుగుతున్నాయని ఇచ్చేశాను.

ఇప్పుడు అసలు మాట. జ్వరంతో ఎవరొచ్చినా వెనక్కి పంపొద్దు, వేరే ఊరివాళ్లయితే లెక్కలో కలపకుండా మందియ్యి అని డాక్టరమ్మ మొదటే చెప్పింది. చీటీ మాట నేను కావాలనే అడ్డం పెట్టాను. రేపామె వస్తే నేనే చెబుతాను. పని పోతే మేకలున్నాయి. తప్పంటే తప్పే, మళ్లీ వస్తే మళ్లీ చేస్తాను.

అతను బతికాడు. వాగవతలి జనం ఇప్పుడు అతని గుమ్మం ముందునుంచే మన అరుగుకొస్తున్నారు. అతను కుర్చీలో కూర్చుని చూస్తుంటాడు. చస్తే ఇది చూసేవాడు కాదు. అందుకే మిగతా రోజుల మాత్రలు నేనే తీసుకెళ్లి, మింగేదాకా ఎదురుగా నిలబడి మరీ వేయించాను.

ఇట్లు,
నీ నాయన
దూలయ్య