కాసులపేరు క్లెయిమూ, నా ఆఖరి కోరికా

నూజివీడు కాపురస్థురాలు, కీర్తిశేషులు చలపతిరావు మాస్టారి భార్య రాజరాజేశ్వరి అను నేను, డెబ్బై రెండో ఏట, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాయించిన వీలునామా. నా తెలివి మీద అనుమానమున్నవాళ్ళు కళ్ళకు గంతలు కట్టి, పెద్దరసం మామిడిపండూ చిన్నరసమూ పెట్టి ఏది ఏదో అడగొచ్చు.

1. నా ఇల్లు, పెరడు, ఇత్తడి సామాను మా చెల్లెలి కూతురు కాత్యాయనికి చెందవలెను. తల్లి పోయిన దగ్గర్నుంచి అది నా పక్కలోనే పడుకుని పెరిగింది. బంగారు కాసులు గుచ్చిన నా కాసులపేరు దాని పెళ్ళికి మెళ్ళో వేస్తానని మాటిచ్చాను. కిందటి వేసవిలో మేమిద్దరం పెరట్లో మామిడికాయలు గడ్డిలో మాగేస్తుంటే, ఎవడో వీధి తలుపులోంచి వచ్చి ఆ నగ కాస్తా ఎత్తుకుపోయాడు. వాడి చేతులు పడిపోను! ఇంటికి బీమా ఉంది కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

2. మా మరిది భావనారాయణకి మా ఆయన ఇంగ్లీషు డిక్షనరీ చెందవలెను. ఇంగ్లీషు నాకు కొట్టిన పిండి వదినా అంటూ క్లెయిమ్ ఫారం తనే నింపాడు. పోయిన వస్తువు కాసులపేరు అని చెబితే 'నేమ్ ఆఫ్ కాసులు' అని రాశాడు మహానుభావుడు! పేరు పోతే బీమా వర్తించదనీ, ఇంతకీ కాసులు ఎవరనీ కంపెనీవాళ్ళు ఉత్తరం రాశారు. సదరు డిక్షనరీని అమ్ముకోరాదు, చదవవలెను.

3. ప్లీడరు ప్రభాకరరావు గారికి, ఆయన ఉన్నంతకాలం, ఏటా ఒక బుట్ట చిన్నరసాలు. నోటీసులిచ్చి ఇచ్చి విసిగిపోయి, చివరికి ఆయన తన భార్య కాసులపేరు నల్లకోటు మీద వేసుకుని బెజవాడలో కంపెనీ ఆఫీసుకి వెళ్ళారు. పేరంటే ఇదయ్యా బాబూ అన్నారట. ఆఫీసరు తడిమి చూసి ఒప్పుకున్నాడు. నగ ఇచ్చిన ఆ మహాతల్లికి నా గద్వాల చీర. అది మాత్రం ప్లీడరు గారు కట్టుకోరాదు.

4. చెక్కు వచ్చింది, ఫారంలో ఉన్నట్టే కాసులు గారి పేరు మీద! కాసుల్ని తీసుకురండి అంటారు బ్యాంకువాళ్ళు. చెక్కు మీద పేరు మార్చాలంటే కాసులు సంతకం పెట్టాలంటారు కంపెనీవాళ్ళు. మాఘంలో పిల్ల పెళ్ళి. బోసిమెడతో పీటల మీద కూర్చుంటుందేమోనని నాకు అన్నం సయించడం లేదు. ఇక నేనే పేరు మార్చుకోవడం ఒక్కటే దారి అన్నారు ప్లీడరు గారు. మా అమ్మ ముద్దుగా పిలిచిన పేరు వదలాలంటే ఏడుపొచ్చింది. అయినా నాకు పిల్ల కన్నా పేరు ఎక్కువా? మార్చేసుకున్నాను. చెక్కు సొమ్ముతో చేయించే నగ కాత్యాయనికే చెందవలెను.

5. నా తద్దినం రోజున మాత్రం పురోహితుడు రాజరాజేశ్వరి అనే చెప్పవలెను. ఆ కాసులు ఎవరో వచ్చి నా పిండం తినిపోతే ఊరుకునేది లేదు.

పై షరతులన్నీ ప్రభాకరరావు గారే దగ్గరుండి జరిపించవలెను.

నూజివీడు, 14 నవంబరు 1986

(సంతకం) కాసులు

సాక్షులు: దయామణి (టీచరు), బసవపున్నారావు (పక్కింటి వాస్తవ్యుడు).
రాజరాజేశ్వరి గారు మా కళ్ళెదుటే కాసులై, వణక్కుండా సంతకం చేశారు.