కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి

బావా, మొన్న అమ్మను ఏడిపించి బస్సెక్కించింది నువ్వే. నేవీ శిక్షణ పూర్తయ్యాక మమ్మల్ని బయటికి వదిలిన మొదటి పూట అది. అమ్మ నా కుడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతోంది. ఎదురుగా మా ఆఫీసరు వస్తే చెయ్యి విడిపించుకుని సెల్యూట్ కొట్టాను. వెంటనే నువ్వు, "చూశారా అత్తయ్యా, యూనిఫాం వేసుకోగానే మీ కూతురికి మీ చెయ్యి బరువైపోయింది!" అని పగలబడి నవ్వావు. ఆ తర్వాత అమ్మ నా పక్కన నడిస్తే ఒట్టు. నీ నోటికి అదుపు లేదా?

యూనిఫాంలో ఉన్నంతసేపూ మా కుడి చెయ్యి సెల్యూట్ కోసం ఖాళీగా ఉండాలి. అందులో సంచీ ఉన్నా, పుల్ల ఐసు ఉన్నా శిక్షే. నిన్న మా శిక్షకురాలిని అడిగితే, "అమ్మ చెయ్యి పట్టుకోవద్దని ఎవరన్నారే పిచ్చిదానా? ఎడమ చెయ్యి ఇవ్వు" అంది.

ఈ ఉద్యోగానికి వెళ్తానంటే ఇంటిల్లిపాదీ కాదన్నారు. "దాన్ని పోనివ్వండి, నేనున్నాను" అన్నది నువ్వొక్కడివే. లారీ డ్యూటీ మానుకుని అమ్మను ఇంతదూరం తెచ్చిందీ నువ్వే. అది ఈ జన్మకు మరవను. అందుకే పరాయివాడికి రాసినట్టు మర్యాదగా రాయకుండా తిడుతున్నాను.

అక్కకు దగ్గు తగ్గిందా? చంటిదానికి నా ముద్దులు.

సోమవారం మమ్మల్ని ఓడెక్కిస్తారు. ఆదివారం చీకటి పడేదాకా బయటికి వదులుతారు. ఈ కార్డు అమ్మకు గట్టిగా చదివి వినిపించి, నీ వేళాకోళం తప్పని నీ నోటితోనే చెప్పు. ఆదివారం అమ్మను తీసుకొస్తావా లేదా, శుక్రవారంలోగా నాకు జవాబు కావాలి.