నీ గ్లాసులో బిస్కెట్ పాయసం

ఆగస్టు 9, ఆదివారం.

నానమ్మా, పొద్దున కళ్లు తెరిచేసరికి ఇంటినిండా కాఫీ వాసన. కలేమో అనుకున్నాను. నువ్వు పోయినప్పటి నుంచీ ఏడాదిగా కాఫీ ముట్టని నాన్న, ఈ రోజు నీ ఫిల్టర్ కడిగి తనే డికాక్షన్ దించాడు. కానీ తాగలేదు. దాన్ని నీ ఫొటో ముందు పెట్టి, ముసురు చూస్తూ కూర్చున్నాడు.

నీకు చేసిపెట్టని ఇటలీ మిఠాయి, తిరమిసు గుర్తొచ్చింది. ఫోన్లో వీడియో చూసి, "కాఫీల బిస్కెట్ ముంచుడే గదనే! బిస్కెట్ పాయసం. జెర నాకు సుత చెయ్యి" అన్నావు. పరీక్షలయ్యాక చేస్తానన్నాను. రెండు పేర్లూ నా నోటుబుక్కులో పక్కపక్కనే ఉన్నాయి. నువ్వు పెట్టిందే బాగుంది.

ఆ డికాక్షన్ అంతా గిన్నెలో పోసి ఉస్మానియా బిస్కెట్లు ముంచాను. నీ స్టీలు గ్లాసులో అవొక వరుస, చక్కెర వేసి గిలకొట్టిన మీగడ ఒక వరుస, పైన కోకో పొడి. పది నిమిషాల పని. బిస్కెట్లు నాని ముద్దయ్యాయి. నీకలాగే ఇష్టం కదా, నమిలే పని ఉండదు.

ఫొటో ముందు పెట్టాను.

"ఒక్క గ్లాసే చేసినవేందే?" అన్నాడు నాన్న.

"నానమ్మకు."

"ఆమె తిన్నది తియ్యి. ఇగ నాకియ్యి."

చెంచా అడుగుదాకా దించి, అచ్చం నువ్వు పాయసం తిన్నట్టే కిందిది ముందు తిన్నాడు. దూరంగా లోకల్ రైలు కూత వేసి పోయింది. గ్లాసు ఖాళీ అయ్యాక, "కాఫీ సుత ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు.

చుక్క కూడా మిగల్చలేదు నానమ్మా. రేపు ఆయనకంటే ముందే లేచి, నీ ఫిల్టర్‌లో ఇద్దరికి సరిపడా పొడి వేస్తాను.