హాల్లో ఇరుక్కున్న కారు

ప్రియమైన అన్నయ్యకు,

మన ఇంట్లో అన్యాయం జరిగింది. చేసింది నాన్న. ఇల్లు బాగుచేయించే హడావిడిలో అమ్మ పాత కారును ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తానని మాటిచ్చారు. షెడ్డును చుట్టాల గది చేస్తారట! అమ్మ కాలు పడిపోకముందు వీధిలో పిల్లలందరినీ బడికి మోసిన బండి అది. ఇంజను ఒకచోట, తలుపులు ఒకచోట, సీట్లు అటక మీద, ఇన్నేళ్ళూ ముక్కలుగానే పడి ఉంది. "ఎడమ కాలు లేవని మనిషికి కారెందుకే?" అన్నారు, అమ్మకు వినపడేలా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సాధనం వాడేవారిదే! పెత్తందార్లది కాదు!" అని కరపత్రంలో చదివింది చదివినట్టు అరిచాను. ఇనుమువాడు వచ్చిన దారినే పోయాడు.

షెడ్డుకు కప్పు తీసేశారు. అందుకని, పగుళ్ళిచ్చిన హాలు ముందుగోడను మేస్త్రీ పడగొట్టిన చోటునుంచి బండిని హాల్లోకి తోయించాను. నేనే బిగిస్తాను. క్లచ్ ఎడమ కాలితో తొక్కకుండా చేత్తో లాగేలా స్టీరింగు కింద ఇనుప పట్టీ పెడతాను. అమ్మ నడిపి తీరాలి. పట్టీ నీ లేత్ షాపులో చేసి పంపు.

పోరాటంలో,
నీ చెల్లి

ప్రియమైన తాటాకు టపాకాయకు,

ఉత్తరం అందింది, చెవులు ఇంకా గింగురుమంటున్నాయి. ఒక్క మాట చెప్పు. నాన్న అమ్మనడక్కుండా అమ్మేయబోయారు. నువ్వు అమ్మనడక్కుండా బిగిస్తున్నావు. ఇద్దరూ ఒకే తానులో ముక్కలు కారూ? పట్టీ ఎక్కడుండాలో నడిపే మనిషిని అడిగావా? జనాన్ని అడగమని నీ కరపత్రాల్లో రాయరా?

అడిగి రాయి. అప్పటిదాకా ఇనుము ముట్టుకోను.

నీ మేలు కోరే,
అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం చింపేశాను. తర్వాత వెళ్ళి అడిగాను.

"ఎవరైనా అడిగితే చెబుదామనే కూర్చున్నా" అంది అమ్మ. "స్టీరింగు కింద పెడితే గేరెవడు మారుస్తాడు, మీ నాన్నా? గేరు కర్రకే పెట్టు, సైకిలు బ్రేకులా. ఒక్క చెయ్యి, రెండు పనులు." అన్నం తినే పళ్ళెం అంచు పట్టుకుని ఎలా లాగాలో చూపించింది కూడా. రంగు కూడా నేననుకున్న ఎరుపు వద్దట, ఆకుపచ్చట. సిద్ధాంతపరంగా బాధే, ఒప్పుకున్నాను.

ఇక అసలు ఘోరం విను. నేను బండి కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగిస్తుంటే మేస్త్రీ వచ్చి "గోడ లేపెయ్యమంటారా అమ్మాయిగారూ?" అన్నాడట. నేను "ఊఁ" అన్నానట. మర్నాడు "కిటికీ చిన్నది పెట్టమంటారా?" అన్నాడట. దానికీ "ఊఁ". లేచి చూస్తే బండి లోపల, వీధి బయట, మధ్యలో కొత్త గోడ!

బండిని విప్పినా దాని బాడీ గుమ్మంలోంచి రాదు, కోయాలి. "కోసెయ్. నా గోడ మీద చెయ్యి వేశావో!" అంటున్నారు నాన్న. అన్నయ్యా, ఈసారి తప్పు నాదే కావడంతో అరవడానికి కూడా లేదు.

నీ చెల్లి

ప్రియమైన గోడ కట్టిన వీరనారికి,

నవ్వలేక చచ్చాను. షాపులో అందరికీ చదివి వినిపించాను, క్షమించు. పట్టీ పంపుతున్నాను. పాత క్లచ్ మొండిది, అందుకే పొడుగ్గా చేశాను. కోసే మాట తర్వాత. ముందు బిగించి, అమ్మను కూర్చోబెట్టు. నాన్న చూస్తుండగా.

అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకు,

గెలిచాం!

వెనక చక్రాలు గాల్లోకి లేపి, పొగగొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టాం. అమ్మ సీట్లో కూర్చుంది, పట్టీ లాగింది. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. మొదటి గేరు, రెండు, మూడు! అటక మీది దుమ్మంతా మా నెత్తిన రాలింది. అమ్మ అద్దంలో చూసుకుని కొంగు సర్దుకుని, "ఏమండీ, అడ్డు తప్పుకుంటారా?" అని హారన్ కొట్టింది.

నాన్న తప్పుకోలేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, "ఇంకా పచ్చిగానే ఉంది. తేలిగ్గానే ఊడుతుంది" అన్నారు. మేస్త్రీ నెత్తి పట్టుకున్నాడు. "పడగొట్టాక మళ్ళీ కట్టకు నాయనా, రెండు రెక్కల తలుపు పెట్టు. నా బండి ఇక్కడే ఉంటుంది" అంది అమ్మ. మొదటి దెబ్బ తనే వేస్తానని నాన్న సుత్తి దాచుకున్నారు. దాన్ని లాక్కోవాలంటే నాకు మనుషులు కావాలి.

వీధంతా చెప్పాను, నీకూ చెబుతున్నా. ఆదివారం ఉదయం ఏడింటికి మన గోడ ముందు అందరూ చేరాలి. గడ్డపారలు ఉన్నవాళ్ళు గడ్డపారలతో, లేనివాళ్ళు చేతులతో రండి. గోడ పడగానే అమ్మ బయటికొస్తుంది. దారి వదలండి!

నీ చెల్లి